సీట్లో కూర్చున్న బోనం కుండ

ఢిల్లీలో ఉండే అక్క కొడుక్కి జబ్బు చేసినప్పుడు, వాడు లేచి తిరిగితే మా సరూర్‌నగర్ కుండతో వాడి ఎదుటే అమ్మవారికి బోనం ఎత్తుతానని అమ్మ మొక్కుకుంది. వాడు లేచి తిరిగాడు గానీ, హైదరాబాద్ దాకా వచ్చే ఓపిక లేదు. దాంతో కుండ తీసుకుని అమ్మే ఢిల్లీకి బయల్దేరింది, తోడు నేను. మా చేను అప్పుడే ప్లాట్లయి చేతికి డబ్బొచ్చింది కాబట్టి విమానం ఎక్కే ధైర్యం మాకొచ్చింది.

పగిలే వస్తువులు పెట్టెల్లో వేస్తే విమానం వాళ్ల పూచీ లేదట. చేత్తో తెచ్చుకుని ముందు సీటు కింద పెట్టుకోవాలని టికెట్ ఇచ్చినాయన చెప్పాడు. అమ్మ చెవిలో 'చేత్తో' అన్నంత వరకే పడింది. ప్రయాణం నాడు పొద్దున్నే కుండ కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టింది. వట్టి కుండైతే ఎక్కడైనా పెట్టొచ్చు. పసుపు పూశాక అది అమ్మవారు.

విమానంలో ఎయిర్ హోస్టెస్ నవ్వుతూ సీటు కింద చూపించింది.

"కాళ్లకాడ అమ్మవారిని పెడ్తరా ఏంది? నేను పెట్ట," అంది అమ్మ.

ఒళ్లో పెట్టుకోకూడదట. పై అరలో కుండ పట్టదు. అమ్మ కుండ పట్టుకుని అలాగే నిలబడింది, వెనక జనం విసుక్కుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"దిగుదాం పా," అంది చివరికి.

అక్కడ అక్క పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

అంతలో మా పక్క సీటాయన పేపరు మడిచి లేచాడు. "వెనక ఖాళీలున్నాయి, నేను అక్కడికెళ్తానండి. నా సీట్లో పెట్టుకోండి పెద్దమ్మగారూ."

అది కోస్తా మాట. మా చేలో ఇళ్లు కట్టుకుంటున్న వాళ్ల నోట ఆ 'అండి' వింటేనే అమ్మకు ఒళ్లు మండేది. ఆ రోజు మాత్రం ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. ఎయిర్ హోస్టెస్ కాసేపు ఆలోచించి, పైవాళ్లను అడిగొచ్చి, కుండ చుట్టూ సీటు బెల్టు తనే బిగించింది.

"జర పైలం బిడ్డా," అంది అమ్మ. తెలుగు రాకపోయినా ఆ పిల్ల తలూపింది.

ఢిల్లీలో మొక్కు తీరింది. ఆ తర్వాత ఏటా ఆషాఢంలో బోనం ఎత్తే ముందు అమ్మ ఇంటిల్లిపాది పేర్లూ చెప్పి, చివర్న, "విమానంల సీటిచ్చిన నా కొడుకు సల్లగుండాలె," అనేది. ఆయన పేరు అడగాలని ఆ రోజు మా ఇద్దరికీ తోచనే లేదు.

ఇప్పుడు అమ్మ లేదు. బోనం నేను ఎత్తుతున్నాను, చివర్న ఆ మాటా నేనే అంటున్నాను.