ఏసీని మింగిన హారన్

ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చిన ఆ కొత్తలో, నాకు తెలియని విషయమంటూ ఈ భూప్రపంచంలో ఉండేది కాదు. (ఇప్పుడు వంటింట్లో మిక్సీ తిరగకపోయినా పక్కింటాయన్ని పిలుస్తున్నాను.) మెకానికల్ చదివాను కనుక తిరిగే వస్తువల్లా నా మాట వింటుందని మా అమ్మ నమ్మకం. ఆ నమ్మకంతోనే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం తప్ప మంచి గడియ లేనట్టు, మావయ్య కారులో కంకిపాడుకి నా పెళ్లిచూపులకు బయల్దేరాం. అమ్మాయి ఫొటో చూసినప్పటినుంచీ నాకు నిద్రలేదు. ఈ సంబంధం తప్పిపోతే నా బతుకు బస్టాండే అని తేల్చేసుకున్నాను.

పెళ్లికొడుకు కదా అని మావయ్య ఆ ఏడాదికి మొదటిసారి ఏసీ స్విచ్ నొక్కాడు. (పెట్రోలు తాగేస్తుందని ఆయన దాని జోలికి వెళ్లడు.) వేడిగాలి మొహాన కొట్టింది. బెంజి సర్కిల్ దగ్గర పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, అమ్మా, మావయ్యా ఇద్దరూ నావైపు చూశారు. స్విచ్ నొక్కగానే కంప్రెసర్ 'టక్'మని అందుకోవాలి; అదేమో మూగనోము పట్టింది.

"కంప్రెసర్ క్లచ్ పట్టడం లేదు" అన్నాను, గొంతు సవరించుకుని.

"క్లచ్ మొన్నేగా మార్పించింది!" అంటూ మావయ్య సీట్లోకి దూకి పెడల్‌ని తెగ తొక్కాడు.

"ఆ క్లచ్ కాదు మావయ్యా! గ్యాస్ అయిపోయింది."

"అంత ఖాయంగా ఎలా చెప్తున్నావురా?"

"మెకానికల్ ఇక్కడ!" అని గుండెమీద చెయ్యేసుకున్నాను. పోనీ మెకానిక్ దగ్గరికి వెనక్కి తిప్పుదామంటే, బయల్దేరాక వెనక్కి తిరగడం అపశకునమని అమ్మ ససేమిరా అంది. అద్దాలు దించుకుని వడగాలి తింటూ వెళ్లాం. హారన్ మాత్రం దివ్యంగా ఉంది. బందరు రోడ్డు పొడవునా ఆటోనీ, గేదెనీ, ఆఖరికి ఖాళీ రోడ్డునీ వదలకుండా మావయ్య మోగించాడు.

"అబ్బాయి కాలవలో పడ్డాడా ఏవిటే?" అంది కంకిపాడులో గుమ్మం దగ్గరే అమ్మాయి నాయనమ్మ, చెమటకి తడిసి ముద్దయిన నా చొక్కా చూసి.

తువ్వాలు అందిస్తూ అమ్మాయి, "కారులో ఏసీ లేదాండీ?" అంది. ఇంకేం, గ్యాస్ అయిపోయిందని మొదలుపెట్టి శీతలీకరణ శాస్త్రమంతా విప్పాను. ఓపిగ్గా విని, "ఫ్యూజులవీ చూశారాండీ?" అంది.

"అక్కర్లేదండీ. చూడగానే చెప్పేస్తాను నేను."

జంతికలు నములుతున్న మావయ్య ఉలిక్కిపడ్డాడు. "ఫ్యూజంటే గుర్తొచ్చిందమ్మా! సంక్రాంతప్పుడు హారన్ రిలే కాలిపోతే, ఏసీ రిలే పీకి దానికి పెట్టాను. కరెంటు అందించే అగ్గిపెట్టెంత డబ్బాలు, రెండూ ఒకటే సైజు. బెజవాడలో ఏసీ లేకపోయినా బతుకుతాంగానీ, హారన్ లేకపోతే సందు దాటగలవా?"

అమ్మ తల దించుకుంది. నేను తువ్వాల్లో మొహం దాచుకున్నాను.

"అయితే గ్యాస్ అయిపోలేదన్నమాట. బోలెడుంది" అంది అమ్మాయి, నావైపే చూస్తూ. నాయనమ్మ పొలమారేలా నవ్వింది. సంబంధం గోవిందా అనుకున్నాను.

తిరుగు ప్రయాణానికి మావయ్య ఏసీ రిలేని హారన్ నుంచి పీకి మళ్లీ దాని చోట పెట్టాడు. ఏసీ చల్లగా, భేషుగ్గా వచ్చింది. కాకపోతే హారన్ లేదు కనుక, "తప్పుకోండి బాబూ, తప్పుకోండి!" అని అరవడానికి దారంతా అద్దాలు దించే ఉంచాం.

రెండోరోజు కంకిపాడునుంచి ఫోనొచ్చింది. అబ్బాయి నచ్చాడు, గ్యాస్ సంగతి నేను చూసుకుంటానని అమ్మాయి అందట.

చూసుకుంటూనే ఉంది. నేను దేన్ని గురించైనా ఖాయంగా మాట్లాడబోతే చాలు, "ముందు హారన్ చూశారా?" అంటుంది. నోరు మూసుకుని వెళ్లి చూసొస్తాను. అప్పుడప్పుడు ఆ తడిసిన చొక్కా కుర్రాడు గుర్తొస్తాడు. ఎంత ధీమా వెధవకి! ఇన్నేళ్లలో నాలుగు విషయాలు తెలిశాయి గానీ, నాకిప్పుడు అందులో సగం ధీమా కూడా లేదు.