ముక్క కరిగేదాకా

మా తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చెరుకురసం బండివాడు గోనెసంచి తీసి ఐస్‌గడ్డ మీది ఊకను చేత్తో తుడిచినప్పుడల్లా, ఆ తడి వాసనకు నాకు పటాన్‌చెరులో మా పెద్దనాయిన పనిచేసిన ఐస్ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. అది మూతపడి చాలా కాలమైంది.

సెలవుల్లో లారీలు గడ్డలెత్తుకుపోయాక, కారిన నీళ్ళతో నున్నగా మెరిసే లోడింగ్ అరుగు మీద, అరిగిన హవాయి చెప్పులతో జారుతూ, పక్క కంపెనీ పారేసిన ప్లాస్టిక్ పైపులను మంట మీద వంచి కర్రలు చేసుకుని, గడ్డ నుంచి విరిగిన మూలముక్కతో మేం హాకీ ఆడేవాళ్ళం. గడియారం ఎవరికీ లేదు. ముక్క కరిగితే ఆట అయిపోయినట్టు. మే నెలలో ఆట తుమ్మినంతసేపే. బతుకమ్మ రోజుల్లో మాత్రం పెద్దమ్మ మలీద ముద్దలు పట్టుకుని పిలిచి పిలిచి విసుగొచ్చి వెళ్ళిపోయేదాకా.

పెద్దనాయిన కొడుకు మల్లన్న మా డిఫెండర్. గోల్‌కీపర్ని నేను, ఆయన ముందుండగా నాకు పనేమీ లేక పైకప్పు రేకుల్ని బాగా పరిశీలించాను. ఒక గోల్ ముందున్నామంటే చాలు, ముక్కను కర్రతో గోడకు అదిమి, వీపు అడ్డం పెట్టి, కరిగేదాకా నిలబడేవాడు. అవతలివాళ్ళు తిట్టేవాళ్ళు, చొక్కా లాగేవాళ్ళు. ఆయన మాత్రం సంగారెడ్డి బస్సు కోసం చూస్తున్నవాడిలా ఉండేవాడు.

మల్లన్న ఇంటర్ తప్పాక పెద్దనాయిన అదే ఫ్యాక్టరీలో హెల్పర్ పని మాట్లాడాడు. ఆ వారమే, నగరంలో ఒక మాల్‌లోని మంచు మైదానంలో హాకీ జట్టుకు జీతమిచ్చి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. బీరంగూడ పిల్లల దగ్గర అడిగి తెచ్చుకున్న చక్రాల బూట్లతో మల్లన్న అప్పటికే జారడం నేర్చుకున్నాడు. పెద్దనాయిన ఒక్క ఆదివారం ఇచ్చాడు.

"పోయి సూసి రా. తీస్కోకపోతే సోమవారం డ్యూటీకి రావాలె. ఇగ ఆట అన్న మాట ఇంట్ల వినపడొద్దు."

తోడు నేనెళ్ళాను. కిరాయికి తీసుకున్న బ్లేడు బూట్లలో మల్లన్న చాలాసేపు పడకుండా ఉండటాన్నే ఆటగా ఆడాడు. చివరికి, అక్కడ బంతికి బదులు వాడే బిళ్ళ ఆయన దగ్గరికొచ్చింది. అంచు గోడకు అదిమి, వీపు అడ్డం పెట్టి నిలబడ్డాడు. మాకన్నా బాగా తిన్నవాళ్ళు ముగ్గురొచ్చి గుద్దుకున్నారు. కదల్లేదు. ఈల వేశారు. కదల్లేదు.

కోచ్ దగ్గరికొచ్చి, దేనికోసం నిలబడ్డావని అడిగాడు.

"కరుగుతదని సూస్తున్న సార్."

బిళ్ళ రబ్బరుది. మైదానమంతా నవ్వింది. నాకు మాత్రం సోమవారం కనిపించింది. కోచ్ నవ్వలేదు, ఆ ముగ్గురినీ మళ్ళీ లాక్కోమన్నాడు. లాక్కోలేకపోయారు. మల్లన్న సోమవారం డ్యూటీకి వెళ్ళలేదు.

తర్వాత ఏళ్ళ తరబడి ఆడాడు. చలికాలాల్లో లడఖ్‌లో గడ్డకట్టిన చెరువుల మీదా ఆడాడు. ఏ ఫొటోలో చూసినా వీపే కనిపిస్తుంది. పెద్దనాయిన వాటిని అందరికీ చూపిస్తూ, మా వాని వీపు ఎంత వెడల్పుందో చూడండనేవాడు. పోయిన చలికాలం మోకాలు ఇగ చాలన్నది.

ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు గోదాములు. మొన్న మల్లన్న మా ఇంటికొచ్చాడు. మా చిన్నది ఫ్రిజ్‌లోని ఐసుముక్కను చెంచాతో డైనింగ్ టేబుల్ మీద తోస్తుంటే, ఒక్క వేలితో దాన్ని టేబుల్ పక్కనున్న గోడకు అదిమాడు. చిన్నది రెండు చేతులతో ఆ వేలిని లాగింది.

"ఆగు బిడ్డ. జెరంతసేపే."

ఫ్రిజ్ ముక్క ఎంతని ఉంటుంది. వేలి కింద తడి మాత్రమే మిగిలింది. చిన్నది ఇంకో ముక్క కోసం పరిగెత్తింది. మల్లన్న వేలు తీయలేదు.