మైకుకు పూసిన గంధం

మొన్న ఒక సభలో మైకుకు కుంకుమ బొట్టు పెట్టి ఉండటం చూడగానే, ఆత్మకూరులో మా మేనమామ మైకు గుర్తొచ్చింది.

మామ మద్రాసులో చదువుకుని, దూరదేశాల వాళ్లతో సొంతంగా రేడియోలో మాట్లాడటానికి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆయన గొప్పలు ఇంట్లో పట్టేవి కావు. అవ్వ వాళ్ల ధాన్యం కొట్టు మిద్దె మీద తీగలు కట్టి, కింద గదిలో మైకు బిగించినంతసేపూ ఎనిమిదేళ్ల నన్ను గడప దాటనివ్వలేదు.

"నీకేం తెలుసే? తాకితే పాడైపోతాది" అన్నాడు.

మొదటిసారి మాట్లాడే రోజు అవ్వ పళ్లెం పట్టుకొచ్చింది. కొట్లో త్రాసుకు చేసినట్టే మైకుకూ పూజ చేసి, దాని చిల్లుల నిండా తడి గంధం మెత్తింది. మామ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

సాయంత్రం దాకా ఆ మైకు ముందు గొంతు చించుకున్నాడు. ఎవరూ పలకలేదు.

"ఏందిరా, ఒక్కడూ పలకడే?" అంది అవ్వ.

"తెల్లోళ్లకు పొగరెక్కువమ్మా. మనతో మాట్లాడతారా వాళ్లు?"

నేను నమ్మాను. బళ్లో ప్రపంచ పటం తగిలించినప్పుడల్లా ఆ దేశాల వైపు చూసి మూతి తిప్పుకునేదాన్ని.

మరునాడు మామ గుండుసూదితో చిల్లుల్లో ఎండిన గంధం పొడుస్తూ కనిపించాడు. అప్పుడు మైకు తుడుచుకుంటున్నాడనే అనుకున్నాను. చిల్లులు పూడితే మాట అవతలికి చేరదని ఆయనకు తెలియక కాదు. సముద్రాల అవతలి వాళ్లను కేకేసి పిలిచిన ఆ పెద్దమనిషికి, పక్కనే ఉన్న తల్లితో "వద్దమ్మా" అనడానికి నోరు రాలేదు.