మస్తాన్ హీటరూ, అలిగిన నాలుగు చుక్కలూ

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ తేదీలవారీగా నా డైరీల్లో భద్రంగా ఉన్నాయి. వాటన్నిటికీ ఇది పెద్దన్న. చదివాక నరసరావుపేట బజార్లో నేను ఎదురైతే నవ్వకండి. మోకాళ్ల నొప్పుల మనిషిని, పారిపోలేను.

అప్పట్లో కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్ని. పీహెచ్‌డీ చేస్తున్నానన్న గర్వం అదనం. పొరలు పొరలుగా ఉండే ఒక స్ఫటికాన్ని వేడి చేస్తూ పోతే, ఒక ఉష్ణోగ్రత దగ్గర దాని అయస్కాంత గుణం మాయమవుతుంది. ఎలా తగ్గుతూ మాయమవుతుందో కొలిచి లాగ్ గ్రాఫు గీస్తే చుక్కలు ఒక గీత మీద పడతాయి. ఆ గీత వాలును బట్టి ఆ పదార్థం ఏ కుటుంబానిదో చెప్పొచ్చు.

హీటరు చేసిచ్చింది బజార్లో కొట్టు పెట్టుకుని కాలిన మోటార్లకి తీగ చుట్టే మస్తాన్. "సారు పరిశోధన నా హీటరు మీదే నడుస్తా ఉంది" అని బజారంతా చెప్పుకున్నాడు.

స్కేలు పెట్టి గీత గీశాను. మాయమయ్యే చోటికి బాగా దగ్గరున్న చివరి నాలుగు చుక్కలు మాత్రం పెళ్లిపందిట్లో అలిగిన మేనమామల్లా పక్కకి తిరిగి కూర్చున్నాయి. డైరీలో రాశాను: "నాలుగు చుక్కలు తప్పు. కారణం: మస్తాన్."

కొట్టుకి వెళ్లి గిరాకీల ముందే అనేశాను. "మస్తానూ, నీ హీటరు చివర్లో దొంగాట ఆడుతోంది."

"నా చుట్టుడులో తేడానా సారూ?" మొహం వాడిపోయింది. విప్పి మళ్లీ చుట్టాడు. చుక్కలు మళ్లీ అలిగాయి. రెండోసారి పంపాను. మళ్లీ అలిగాయి, కాకపోతే కాస్త మర్యాదగా అలిగినట్టు తోచి "పనితనం మెరుగు" అని డైరీలో మార్కులేశాను. మస్తాన్ మాత్రం, "ఇంక నాకీ సైన్సు పనులొద్దు సారూ. మోటార్లు చుట్టుకుని బతుకుతా" అన్నాడు.

గుంటూరు నుంచి మా గైడుగారు వచ్చి మూడు గ్రాఫులూ చూశారు.

"ఈ నాలుగు చుక్కల్ని ఎర్రసిరాతో కొట్టేశావేందయ్యా?"

"హీటరు దోషమండీ."

"మూడుసార్లూ ఒకేచోట వంగితే దోషం ఎట్లా అవుద్ది? దూరంగా ఉన్నంతసేపూ ఏ పొర గోల దానిది, అదొక కుటుంబం. ఆ చోటు దగ్గరపడేసరికి పొరల మధ్య ఉన్న ఆ కాస్త పట్టే పెద్దదై అన్నీ ఒకటవుతాయి. కుటుంబమే మారిపోద్ది. క్రాసోవర్ అంటే అదే. నీ థీసిసంతా ఆ నాలుగు చుక్కల్లోనే ఉంది!"

చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని కొట్టుకి పరిగెత్తాను. గిరాకీలు వినేలా గొంతు పెంచి చెప్పాను. "మస్తానూ, నీ హీటరు బంగారం. తప్పంతా నాది. నన్ను క్షమించు."

మస్తాన్ చేతిలో పని పక్కన పెట్టాడు. స్టూలు జరిపి, టీ చెప్పి, మెల్లగా అన్నాడు. "నేనూ ఒకటి చెప్పాల సారూ. రెండోసారి నేను దాన్ని అసలు విప్పలా. గుడ్డతో తుడిచి పంపా. మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలా."

అయ్యా, నేను మార్కులేసింది ఆ గుడ్డకి!

కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. గీతలో ఇమడని చుక్కని ఈ జన్మలో కొట్టెయ్యను. తప్పనిసరిగా కొట్టెయ్యాల్సి వస్తే, ముందు మస్తాన్‌ని అడిగి మరీ కొట్టేస్తాను.