చెవులమ్మ, మాస్టారి భుజం

ఆస్పత్రి వెనకవైపు, చెవి జబ్బుల మీద పరిశోధన చేసే విభాగంలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. హాజరు పట్టీలో వెతికితే దొరుకుతుంది గానీ, అంత అవసరం ఎవరికీ రాలేదు. అందరికీ ఆవిడ చెవులమ్మ. అలాగని ఆవిడ చెవులు చేటలంతేమీ కావు. వాటికి రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఒక ఉద్యోగం ఉంది, అంతే.

ఆ ఉద్యోగం సంగతి చెప్పాలంటే ముందు ఆ గది సంగతి చెప్పాలి. బయటి చప్పుడు చొరబడని చిన్న గది అది. మందపాటి తలుపు, గోడలకు మెత్తటి పలకలు, ఒక కుర్చీ. కుర్చీలో కూర్చున్న మనిషికి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బొత్తాం ఇస్తారు. గాజు కిటికీ అవతల యంత్రం ముందు మీటల మాస్టారు కూర్చుంటాడు. ఆయన మీట నొక్కితే ఒక కూత వస్తుంది. ఒకసారి బొంగురుగా, ఒకసారి సన్నగా, రానురాను వినీ వినపడనంత మెల్లగా. వినపడినప్పుడల్లా లోపలి మనిషి బొత్తాం నొక్కాలి. ఏ కూత ఎంత మెల్లగా వచ్చినా వినపడిందో చూసి, చుక్కలు పెట్టి గీత గీస్తారు. ఆ గీతే ఆ మనిషి వినికిడి.

మరి యంత్రమే సరిగా కూయకపోతే? అది తేల్చడానికే చెవులమ్మ. ఇరవై రెండేళ్ళ క్రితం ఊడ్చే పనికి చేరిన కొత్తలో, అప్పటి పెద్ద డాక్టరు సరదాకి ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టాడు. అక్కడ ఎవరికీ వినపడని కూతలు కూడా ఆవిడకు వినపడ్డాయి. ఆయన నమ్మలేక మళ్ళీ పరీక్ష చేసి, "ఇకనుంచి ఈ యంత్రం బాగుందో లేదో చెప్పాల్సింది నువ్వే" అన్నాడు. ఆనాటినుంచి పొద్దున్నే మొదటి పరీక్ష ఆవిడకే. ఆవిడ గీత ఎప్పటి చోటనే ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. కిందికి జారితే ఆ రోజుకి అన్నీ ఆపేసి మెకానిక్కుని పిలవాల్సిందే. అలా రెండుసార్లు లోపల వైరు తెగిన సంగతి పట్టిచ్చింది కూడా.

చీపురు పట్టుకున్నప్పుడు ఆవిడ పదిమందిలో ఒకతె. కుర్చీలో కూర్చున్న ఆ పది నిమిషాలూ మాత్రం డాక్టర్లంతటి వాళ్ళు చేతులు కట్టుకుని ఎదురుచూస్తారు. ఆ పది నిమిషాలంటే ఆవిడకు ప్రాణం. ఉండదూ మరి!

ఇంట్లో ఈ గొప్ప మరీ ఎక్కువ. ఆవిడ మొగుడు ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. కిటికీ వైపు చెవి ఎప్పుడో పోయింది. "పక్కింటివాళ్ళు గుసగుసలాడుకున్నా నాకు వినపడుతుంది. మీకేమో నా కేకలే వినపడవు" అని ఆవిడ రోజుకొక్కసారైనా దెప్పేది. "అది నా అదృష్టం లేవే" అని ఆయన పోయిన చెవి ఇటు తిప్పి పేపరు చదువుకునేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మనవరాలికి ఒళ్ళు వెచ్చబడింది. చెవులమ్మ పిల్ల చంకలో థర్మామీటరు పెట్టి, అది కూసేదాకా కదలకూడదని చెప్పింది. ఇద్దరూ కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు.

"అమ్మమ్మా, చెయ్యి నొప్పెడుతోంది. ఇంకా ఎంతసేపు?"

"అది కూయాలి కదమ్మా."

"ఎప్పుడో కూసేసిందిగా!"

పిల్ల తప్పించుకోవడానికి అంటోందనుకుని మళ్ళీ పెట్టింది. ఈసారి పిల్ల వేలు పైకెత్తి, "ఇదిగో, కూస్తోంది" అంది. థర్మామీటరు మీద అంకె ఆగిపోయి కనపడుతోంది. చెవులమ్మకు మాత్రం ఏమీ వినపడలేదు. పిల్ల జ్వరం సాయంత్రానికల్లా దిగిపోయింది గానీ, అమ్మమ్మ గుబులు దిగలేదు.

మర్నాడు పొద్దున్న భయంభయంగా కుర్చీలో కూర్చుంది. తీరా చూస్తే గీత ఎప్పటి చోటనే ఉంది! మాస్టారు గాజు అవతలనుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆవిడకు నవ్వొచ్చింది. పాడైంది థర్మామీటరేనన్నమాట.

ఇంకెవరైనా అయితే అక్కడితో ఊరుకునేవారు. ఇరవై రెండేళ్ళుగా యంత్రం తప్పులు పట్టిన మనిషి కదా, మంగళవారం కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. బొంగురు కూతలు వచ్చాయి, నొక్కింది. మధ్యరకం వచ్చాయి, నొక్కింది. ఆ తర్వాత సన్నవి రావాలి. ఎంతకీ రాలేదు. ఉండబట్టలేక ఒక కన్ను తెరిచింది. గాజు అవతల మాస్టారి కుడి భుజం రవ్వంత పైకి లేచింది. ఆవిడ వేలు ఆవిడను అడగనైనా అడక్కుండా బొత్తాం నొక్కేసింది.

మళ్ళీ చూసింది. మీట నొక్కే ముందు ప్రతిసారీ మాస్టారి భుజం లేస్తోంది. ఆ విషయం ఆయనకే తెలియదు. తను ఎన్నాళ్ళనుంచి ఆ భుజాన్ని చూసి వింటోందో ఆవిడకూ తెలియదు. ఏడాది కావచ్చు, మూడేళ్ళు కావచ్చు.

సరిగ్గా అప్పుడే రావాలా ఈ ముప్పు! మరమగ్గాల మిల్లులో పనిచేసే మూడు వందల మంది చెవుల మీద ఆ విభాగం నడిపే డాక్టరమ్మ రెండేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆ మోత ఎవరి చెవుల్ని ఎంత తినేసిందో తేల్చి, ఇంకో పదిహేను రోజుల్లో పెద్దల కమిటీ ముందు చెప్పాలి. ఆ కమిటీ మాట మీదే మిల్లువాళ్ళు ఎవరిని మోతనుంచి తప్పించాలో నిర్ణయిస్తారు. రెండేళ్ళూ యంత్రానికి పూచీ ఎవరు? చెవులమ్మ. నోరు విప్పితే కుర్చీ పోతుంది, డాక్టరమ్మ కష్టం ఏ గంగలో కలుస్తుందో తెలియదు. విప్పకపోతే ఆ మూడు వందల మంది గతేమిటి?

మూడు రోజులు అన్నం సయించలేదు. చివరికి మొగుడే అడిగాడు.

"నువ్వు నన్ను తిట్టి మూడు రోజులైంది. ఒంట్లో బాగాలేదా ఏంటి?"

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని అంతా చెప్పింది. ఇన్నేళ్ళ దెప్పుళ్ళకీ ఇవాళ వడ్డీతో సహా అంటాడనుకుంది. ఆయన మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, వినపడే చెవి ఆవిడవైపు పెట్టి, మాట పొల్లుపోకుండా విన్నాడు.

"రేపు పొద్దున్నే చెప్పేయ్."

"కుర్చీ పోతుందండీ."

"పోతే పోనీ. బ్రేకు పడటం లేదని తెలిశాక జనాన్ని ఎక్కించుకుని వెళ్ళేవాణ్ణా నేను?" అని, "ఇంకనుంచి ఇద్దరం అరుచుకుందాం. పక్కింటివాళ్ళకి కాలక్షేపంగా ఉంటుంది" అన్నాడు.

ఏడుస్తూనే ఆవిడ పకపకా నవ్వింది.

మర్నాడు డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడి ఒక్క గుక్కలో చెప్పేసింది. డాక్టరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కనే ఉన్న మాస్టారికి మాత్రం రోషం వచ్చింది.

"నా భుజమా? నేను రాయిలా కూర్చుంటానండీ! నా భుజం ఎందుకు కదులుతుంది?" అన్నాడు, భుజం ఎగరేస్తూ.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక చచ్చారు, అది వేరే సంగతి.

గాజు కిటికీకి దుప్పటి కట్టి ఆవిడకు మళ్ళీ పరీక్ష చేశారు. సన్నటి కూతల దగ్గరికి వచ్చేసరికి గీత మెట్టు దిగినట్టు కిందికి దిగిపోయింది. వయసుతో వచ్చేదే, చాలామందికి వచ్చేదే. ఆ సాయంత్రమే చప్పుడు కొలిచే మీటరు ఒకటి ఎరువు తెచ్చి యంత్రాన్ని తనిఖీ చేశారు. అది లక్షణంగా ఉంది. డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య, యంత్రం మంచిదే. బతికిపోయాం" అంది.

చెవులమ్మ కదల్లేదు.

"ఏంటి చెవులమ్మా, ఇంకా భయమేనా? మిమ్మల్నెవరూ ఏమీ అనరు."

"నా గురించి కాదమ్మా. ఆ మూడొందల మందీ కూర్చున్నది ఈ కుర్చీలోనే కదా? ఈ మాస్టారి ఎదురుగానే కదా?"

డాక్టరమ్మ చటుక్కున లేచి నిలబడింది. మరమగ్గాల దగ్గర మాట వినపడదు. అక్కడి వాళ్ళు ఏళ్ళ తరబడి పెదాలు చూసి, చేతులు చూసి, కనుబొమలు చూసి కబుర్లు చెప్పుకుంటారు. అలాంటి వాళ్ళ ముందు మాస్టారి భుజం ఒక లెక్కా! చెవులు బాగున్నాయని రాసిచ్చిన నూట పది మందిలో ఎంతమంది కళ్ళతో విన్నారో?

వెంటనే దుప్పటి తీసేసి మందపాటి తెర కుట్టించి, ఆ నూట పది మందినీ మళ్ళీ పరీక్షకి పిలిపించారు. తొమ్మిది రోజులు ఊపిరి సలపని పని. చెవులమ్మే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, "చూడకండి, వినండి. తప్పయితే తప్పే, ఎవరూ మార్కులు వెయ్యరు" అని చెప్పేది. నూట పది మందిలో నలభై మూడు మందికి సన్నటి కూతలు వినపడనే లేదు. ఆ నలభై ముగ్గురూ అప్పటికి రెండేళ్ళుగా, చెవులకు ఏ అడ్డూ లేకుండా, ఆ మోతలోనే పనిచేస్తున్నారు.

వాళ్ళలో ఒక నేతపని ఆవిడ కొత్త గీత చూసి ఏడుస్తుందనుకుంటే, ఎగిరి గంతేసినంత పని చేసింది.

"పోయినసారి నా చెవులు భేషుగ్గా ఉన్నాయని మీరే కాయితం ఇచ్చారు. మా అత్తగారు దాన్ని పెట్టెలో దాచుకుంది. పిలిస్తే పలకనప్పుడల్లా తీసి చూపించి, వినపడీ వినపడనట్టు నటిస్తున్నావంటుంది. ఈ కాయితం కాస్త పెద్ద పెద్ద అక్షరాలతో రాసివ్వండి, మీకు పుణ్యముంటుంది!"

మాస్టారు స్వయంగా రాసిచ్చాడు, వేలెడంత అక్షరాలతో.

కమిటీ ముందు డాక్టరమ్మ దేన్నీ దాచలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది, ఎవరు పట్టుకున్నారు, అన్నీ చెప్పింది. కమిటీవాళ్ళు తమ తమ ఆస్పత్రుల్లో కిటికీలను తలుచుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. మిల్లువాళ్ళు అందరికీ చెవుల మీద పెట్టుకునే అడ్డాలు ఇవ్వడానికి, ఆ నలభై ముగ్గురినీ మోత లేని పనుల్లోకి మార్చడానికి ఒప్పుకున్నారు.

అంతా సంతోషమే. కుర్చీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. యంత్రం తనిఖీకి కొత్త మీటరు వచ్చేసింది. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి చెవులమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా చీపురు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. కుర్చీ కింద ఊడుస్తుంటే డాక్టరమ్మ వచ్చింది.

"చీపురు అవతల పెట్టి కూర్చోండి."

"నాకు వినపడదు కదమ్మా."

"వినపడదనే కూర్చోమంటున్నా. యంత్రం తప్పు మీటరు పట్టుకుంటుంది. మా తప్పు ఎవరు పట్టుకోవాలి? మాస్టారు మళ్ళీ తనకి తెలియకుండానే ఏదో ఒక సైగ చేసి దొరికిపోతాడు. మీరు రోజూ మమ్మల్ని మోసం చెయ్యడానికి చూడండి. మీ పప్పులు ఉడక్కపోతేనే ఆ రోజు పరీక్షలు మొదలు."

చెవులమ్మ చీపురు గోడకి ఆనించింది. కూర్చుంది. వినపడని సన్నటి కూతలే వేశారు. మొదటి రోజు తెర అంచున మాస్టారి నీడ కదలడం చూసి అన్నీ సరిగ్గా నొక్కేసింది. తెర వెడల్పు చేశారు. రెండో రోజు మాస్టారు ప్రతి కూతకీ ముందు నాలుగు లెక్కపెడతాడని కనిపెట్టి, తనూ నాలుగు లెక్కపెట్టి నొక్కేసింది. మాస్టారు తల పట్టుకున్నాడు. మూడో రోజు ఆయన చీట్లు తీసి, ఏ చీటీలో ఎంత వస్తే అంతసేపు ఆగి మీట నొక్కాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి, ఉన్న తెలివంతా ఉపయోగించి ఎనిమిదిసార్లు నొక్కింది. ఎనిమిదీ తప్పే.

తలుపు తెరుచుకోగానే గదంతా చప్పట్లు. అన్నీ తప్పులు చేసి ఇంత గౌరవం పొందిన మనిషి ఆ ఆస్పత్రిలో అంతకుముందు లేదు. మాస్టారు రిజిస్టరు తెరిచి, ఆ రోజు తేదీ కింద రాసి, ఆవిడకు చదివి వినిపించాడు: "ఈ రోజు చెవులమ్మ ఓడిపోయారు. పరీక్షలు మొదలుపెట్టవచ్చు."

చెవులమ్మ పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుని, నడవాలోకి వెళ్ళి, బెంచీ మీద కూర్చున్న ఆరుగురు మిల్లు మనుషుల్లో మొదటి మనిషిని లోపలికి రమ్మని పిలిచింది. ఎంత గట్టిగా పిలిచిందంటే, ఆరుగురూ ఒకేసారి లేచి నిలబడ్డారు.