ఒకటో నంబరు సైకిల్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, మృగశిర కార్తె దాటిన వారానికి, నన్ను కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ జిల్లాకు డ్యూటీ మీద పంపారు. అప్పటికి నేను ఒక పెద్ద సైకిల్ దుకాణంలో హెడ్ ఫిట్టర్‌ని. అడవి కాపలా కాసే వాచర్లకు ఇరవై రెండు గేరు సైకిళ్లు బిగించి, నడిపి చూసి, అప్పగించి రావాలి. పదిహేను రోజుల పని అన్నారు. పానాల డబ్బా, గాలి పంపు, నాలుగు చీరలు పట్టుకుని సామాను బండిలోనే డ్రైవర్ పక్కన కూర్చుని పోయాను.

ఫిట్టర్ పని ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. గేరు సైకిల్ కంపెనీ నుంచి అట్టపెట్టెలో సగం విప్పి వస్తుంది. ముందు చక్రం, హ్యాండిల్, పెడల్లు, సీటు విడిగా ఉంటాయి. అవి బిగించడం గంటలోపు పని, చేతులున్న ఎవరైనా చేస్తారు. తర్వాత చక్రం ఔట్ తీయాలి. అంటే పుల్లలు ఒక్కొక్కటే బిగిస్తూ వదులుతూ వంకర లేకుండా తిప్పాలి. బ్రేకులు పట్టించాలి. గేరు తీగ సరిచేయాలి. చివరికి మనిషిని బండి మీద నిలబెట్టి, ఆ మనిషికి ఈ బండి సరిపోతుందా అని చూడాలి. ఈ చివరి పనికే హెడ్ ఫిట్టర్ జీతం. హెడ్ ఫిట్టర్ సంతకం లేకుండా మా దుకాణంలో బండి గడప దాటకూడదు. నేను చదివింది రెండో తరగతి. అంకెలు వచ్చు, సంతకం వచ్చు. మా ఆయన పోయాక ఆయన పంక్చర్ డబ్బా పదకొండేళ్లు నడిపాను. మిగతాదంతా ఈ చేతులకే వచ్చింది.

ఆదిలాబాద్ దాటి పత్తి చేలు అయిపోయి గుట్టలు మొదలయ్యే చోట రేంజి ఆఫీసు. రేంజరు పెద్ద. ఆయన కింద సెక్షన్ ఆఫీసరు, ఆయన కింద బీట్ ఆఫీసర్లు, అందరికన్నా కింద వాచర్లు. అడవిని ముక్కలు చేసి ఒక్కో ముక్కను బీట్ అంటారు. వాచర్ రోజూ తన బీట్ చుట్టి రావాలి. నేను వ్యాను దిగగానే ఒక ముసలి వాచర్ నన్నూ డబ్బానూ చూసి, "ఫిట్టర్ అస్తుండంటే మొగోడనుకుంటిమి" అన్నాడు. "సైకిల్‌కు ఆ ఫికర్ లేదు కాకా, పాన తిరిగితే సాలు" అన్నాను. నవ్వారు. ఆ తర్వాత పనికి అడ్డం రాలేదు.

బండ్లు మూడు రకాలు. ఆరింటికి ముందూ వెనకా రెండు వైపులా స్ప్రింగులు. పదింటికి ముందు మాత్రమే. మిగిలిన ఆరూ సాదావి, స్ప్రింగు లేనివి. ధర కూడా ఆ వరుసలోనే. నేను ఖరీదైన పెట్టెలు ముందు విప్పి, ఒకటి నుంచి ఇరవై రెండు దాకా తెల్ల రంగుతో నంబర్లు వేశాను. రేంజి ఆఫీసు వాళ్ల దగ్గర వాచర్ల లిస్టు ఉంది. అదీ ఒకటి నుంచి ఇరవై రెండు దాకే, సీనియారిటీ ప్రకారం. పేర్లు నేను చదవలేను. నంబరుకు నంబరు కలిపితే సరిపోతుందని అనుకున్నాను.

అప్పగింత రోజు రేంజరు ఒక మార్పు చేశాడు. ఆయన చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. ఇరవై రెండు మందిలో ఆడమనిషి ఒక్కతే, పేరు రాజుబాయి. ఉద్యోగంలో అందరికన్నా వెనక చేరింది. ఆమెకు గౌరవంగా ఉండాలని పేరు లిస్టులో చివరి నుంచి తీసి మొదట పెట్టించాడు. అలా ఒకటో నంబరు సైకిల్ ఆమెకొచ్చింది. రెండు స్ప్రింగులది, ఎర్రది, అన్నిటికన్నా బరువైనది. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ఫోటో దిగారు. గోచికట్టు చీర మీద ఖాకీ అంగీ తొడుక్కుని ఆమె బండి సీటు మీద కూర్చుంది. ఎత్తు నా చెవి దాకా ఉంటుందేమో. ఒక కాలు నేల మీద మునివేళ్లతో ఆని ఉంది. అది నేను చూశాను. చూసి కూడా నోరు మెదపలేదు. ఆఫీసర్లు, కెమెరా, పైన మబ్బు. రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా ఫ్రేము నంబరు రాశారు, నేను సంతకం పెట్టాను.

చివరి ఇరవై రెండో నంబరు, చిన్న ఫ్రేము సాదా బండి, మారుతి అనే వాచర్‌కు పోయింది. ఆరడుగుల మనిషి. దాని మీద కూర్చుంటే మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలాయి. "మారుతి పెండ్లాం బండి పట్టుకచ్చిండు రా!" అని ఎవరో అరిచారు. అతను తల వంచుకుని తోసుకుంటూ పోయాడు.

అప్పుడే రేంజరు ఇంకో మాట చెప్పాడు. వారం రోజులు అలవాటు చేసుకోవాలి, అప్పటిదాకా ఫిట్టరు ఇక్కడే ఉండి బండ్లు చూసుకోవాలి. ఎనిమిదో రోజు పొద్దున హాజరు తర్వాత బయలుదేరి, పన్నెండు లోపల తమ బీట్ చుట్టి రావాలి. రాలేనివాళ్లను నర్సరీకి మారుస్తారు. నర్సరీ అంటే మొక్కల కోసం సంచుల్లో మట్టి నింపే పని. చిన్నతనం ఏమీ లేదు, కానీ రాజుబాయి గూడెం నుంచి అక్కడికి రెండు బస్సులు మారాలి. ఒక బస్సు వానల్లో రాదు. ఆమె ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. నర్సరీకి పంపితే పని పోయినట్టే.

మూడో రోజు పొద్దున ఆమె బండి తోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. అక్కడ ఆడమనిషిని బాయీ అని పిలుస్తారు.

"బాయీ, గిది గుట్ట ఎక్కుతాంటె కప్ప లెక్క ఎగురుతున్నది. జర గట్టిగ బిగియ్యి."

"ఎక్కడ పడ్డవ్?"

"పడలే. దిగిన."

"మరి మోకాలికి నెత్తురేంది?"

"దిగుడు జర జల్దీ అయింది."

నాకు నవ్వొచ్చింది. వంగి రెండు స్ప్రింగులూ నొక్కి చూశాను. బండిలో లోపం లేదు. స్ప్రింగులు వాటి పని అవి చేస్తున్నాయి. బిగించడానికి ఏమీ లేదు.

మర్నాడు ఆమె వెంట కాలినడకన బీట్‌కు పోయాను. కరీంనగర్‌లో మానేరు కట్ట మీద పొద్దున్నే గంట తొక్కే డాక్టర్లకు గుట్టల సైకిళ్లు ఎన్నో అమ్మాను. గుట్టను మాత్రం అంత దగ్గరగా చూసింది ఆ రోజే. గూడెం దాటగానే పత్తి చేల నడుమ రేగడి బాట. వాన పడితే ఆ మట్టి టైరుకూ మడ్గార్డుకూ నడుమ గడ్డకట్టి చక్రాన్ని పట్టేస్తుంది. తర్వాత వాగు. వాగు దాటాక ఎక్కుడే, గుండ్రాళ్ల బాట. రాజుబాయి దగ్గర అయిదు లీటర్ల నీళ్ల క్యాను, సద్ది మూట, కొడవలి. వెనక స్ప్రింగు ఉన్న ఆ బండికి క్యారియర్ బిగించే బొక్కలు లేవు. అందుకని క్యాను హ్యాండిల్‌కు కట్టింది. ఎక్కుతుంటే క్యాను బరువుకు ముందు స్ప్రింగు కుంగుతుంది, తొక్కిన ప్రతి తొక్కుడులో సగం వెనక స్ప్రింగు తాగేస్తుంది. ఊపిరి అందక కాలు కింద పెడదామంటే కాలు అందదు. పక్కకు ఒరిగి పడుతుంది. నా ముందే రెండుసార్లు "దిగింది".

స్ప్రింగులు మంచివి కావని నేననడం లేదు. వేగంగా దిగేవాడికి, బరువు మోయనివాడికి అవి నడుము కాపాడతాయి. మెల్లగా ఎక్కేవాళ్లకు, వెనక బరువు కట్టుకునేవాళ్లకు అవే భారం. ఈమెకు కావాల్సింది పొట్టి ఫ్రేము, తేలిక బండి, క్యారియర్, పెడల్ దగ్గర చిన్న పళ్లచక్రం. అలాంటి బండి మారుతి దగ్గర ఉంది. మారుతి బీట్ చెక్‌పోస్టు నుంచి డాంబరు రోడ్డు, ఆ తర్వాత వెడల్పాటి దిగుడు. అతను మోసేది ఒక లాఠీ.

మార్చుకోమన్నాను. రాజుబాయి బండి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

"నాకద్దు. ఆడిదానికి పెద్ద బండి ఆగలే అంటరు. ఫోటో గూడ దిగిన. గిప్పుడు చిన్నది పట్టుకపోతె నా మొకం ఎక్కడ వెట్టుకోను?"

"నర్సరీకి పోతె మొకం ఎక్కడ వెట్టుకుంటవ్?"

ఆమె బండి తోసుకుంటూ ముందుకు నడిచింది. ఆమె మాటలో తప్పు లేదు. తప్పు నాదయితే దాన్ని ఆమె ఎందుకు మోయాలి?

అయిదో రోజు హాజరు దగ్గర రేంజరు ముందు నిలబడ్డాను.

"సార్, తప్పు బండ్లది గాదు, తొక్కేటోళ్లది గాదు, నాది. మనిషిని కొలువక, తొవ్వ అడగక సంతకం వెట్టిన. ఇరవై రెండు మందిని మళ్ల కొలుస్త. ఒక్క పూట ఇయ్యిండ్రి."

సెక్షన్ ఆఫీసరు రిజిస్టరు తెరిచి, ఫ్రేము నంబర్లు రాసేశాం, కొట్టివేతలుంటే రేపు తనిఖీలో జవాబు ఎవరు చెబుతారు అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రేంజరు రిజిస్టరు తన వైపు తిప్పుకుని, కొట్టివేయొద్దు, కొత్త పేజీలో మార్పిడి అని రాయండి, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఫిట్టరూ సంతకాలు పెట్టండి అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా పడేదాన్నే.

అందరినీ వరుసగా నిలబెట్టాను. సీటుకూ హ్యాండిల్‌కూ నడుమ ఉండే డండాకు అటు కాలు ఇటు కాలు వేసి నిలబడితే డండాకూ మనిషికీ నడుమ నాలుగు వేళ్ల సందు ఉండాలి. తర్వాత ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడిగాను. ఎక్కుడెంత, దిగుడెంత? వెంట ఏం మోస్తవ్? ఎక్కడెక్కడ కాలు కింద పెడతవ్? తొలిరోజు నన్ను ఆటపట్టించిన ముసలాయన రెండు స్ప్రింగుల బండి వదలనన్నాడు.

"నేను సీనియర్‌ను. నాకు సాదాది ఇస్తవా?"

"కాకా, నీ బీటంత ఎక్కుడే. స్ప్రింగుల మీద కూసుంటె ఉయ్యాల ఊగుడే గని ముందలికి పోవుడు లేదు."

"ఊగుడు నాకెందుకే, మనుమలకు గావాలె గని" అని దిగిపోయాడు.

మొత్తం ఆరు బండ్లు చేతులు మారాయి. ఆ ఆరింటిలో రాజుబాయిది ఒకటి. ఆమెను వేరుగా ఎవరూ వేలెత్తి చూపలేదు. మారుతి అయితే ఎర్ర బండి అందుకుని, "గా బుడ్డ బండి మీద సిగ్గుతోని సచ్చిపోయిన అక్కా" అని ఆమెతోనే అన్నాడు. ఆమె నవ్వడం నేను మొదటిసారి చూశాను.

మిగిలిన రెండు రోజులూ ఆ చిన్న బండి పని మీదే కూర్చున్నాను. క్యారియర్ బిగించాను. రేగడి పట్టకుండా ముందు మడ్గార్డు తీసేశాను. ఆమె వేళ్లు పొట్టివి, బ్రేకు పిడిని మరతో లోపలికి తెచ్చాను. రాళ్ల మీద టైరు ఎగరకుండా గాలి కొంచెం తగ్గించాను. సీటును దిగుడు కోసం రెండు వేళ్లు కిందికి దించాను. గుట్ట ఎక్కేముందే చిన్న గేరులో వేసుకోవాలని, ఎక్కుతూ మారిస్తే చైను తెగుతుందని పదిసార్లు చెప్పాను. "పదకొండోసారి చెప్పకు బాయీ, తొక్కుత" అంది.

ఎనిమిదో రోజు తెల్లవారకముందే వాన. హాజరుకు తగ్గింది. అందరూ బయలుదేరారు. నేను ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. పదిన్నరకు మారుతి వచ్చాడు, ఒళ్లంతా బురద, ముఖమంతా పళ్లు. పదకొండు దాటాక ముసలాయన వచ్చాడు. ఒక్కొక్కరే వస్తున్నారు. పదకొండున్నరకు ఇరవై ఒక్క బండ్లు గోడకు ఆనించి ఉన్నాయి. గుట్టల్లో బాగా పడిందట, వాగు వచ్చిందని ఎవరో చెప్పారు. సెక్షన్ ఆఫీసరు గడియారం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించడం నాకు కనిపిస్తూనే ఉంది. నేను మాత్రం లెక్కపెడుతూనే ఉన్నాను. ఏం మరిచిపోయాను? బ్రేకు? చైను?

పన్నెండుకు పది నిమిషాలుండగా చేల మలుపు దగ్గర ఖాకీ అంగీ కనిపించింది. తొక్కుకుంటూనే వస్తోంది. నడుము దాకా తడిసి ఉంది, క్యాను క్యారియర్ మీదే ఉంది. మెట్ల ముందు బ్రేకు వేసి, రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలబడింది.

"ఏమైంది, ఇంతసేపు?" అన్నాను.

"వాగు నిండింది. జర తగ్గేదాక ఆగి, సైకిల్ భుజాన ఏసుకోని దాటిన. గా ఎర్రదైతె నేను దాన్ని మోసుడు గాదు, వాగుల అదే నన్ను మోసుకపోతుండె."

రేంజరు ఆమె ఫోన్ తీసుకుని, అందులో నమోదైన బీట్ దారి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాడు. ఇరవై రెండు మందిలో ఎవరూ నర్సరీకి పోలేదు. నేను మెట్ల మీదే కూర్చుని ఉన్నాను. రాజుబాయి తన సద్ది మూట విప్పి సగం జొన్నరొట్టె నా చేతిలో పెట్టింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది.

కరీంనగర్ వచ్చాక దుకాణం యజమానితో జరిగిందంతా చెప్పాను. దాచలేదు. ఆ తర్వాత నేను మానేసేదాకా నా చేతి కింద ఒక పద్ధతి నడిచింది. ఎవరైనా గుట్టల సైకిల్ కావాలని వస్తే ముందు బండి చూపించేవాళ్లం కాదు. రోజూ మోసే సంచితో, తొక్కేటప్పుడు వేసుకునే చెప్పులతో మళ్లీ రమ్మనేవాళ్లం. కొందరు విసుక్కుని పక్క దుకాణానికి పోయారు. తిరిగి వచ్చినవాళ్లకు మాత్రం నా సంతకం పడిన ఏ బండినీ మార్చాల్సిన అవసరం రాలేదు. ఖరీదైనది మంచిదని, పెద్దది గౌరవమని మనుషులు అనుకుంటారు. ఫిట్టర్ అలా అనుకోకూడదు. అనుకున్నట్టు తెలిస్తే పది మంది ముందు ఒప్పుకుని, కొత్త పేజీలో రాయించాలి.