వల పడని చెరువు

చదువు ముగిశాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఊళ్ళకు పోయి చేపల గురించి చెప్పడం. విశ్వవిద్యాలయంలో విస్తరణ విభాగం అని ఒకటుండేది. తరగతిలో ఎవరూ వినని పాఠాలను ఊళ్ళకు మోసుకుపోవడం దాని పని. పులివెందుల పక్క పుట్టి, బోరు నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ఎరగని నన్ను చేపల మీద వేశారు. ఉద్యోగం తాత్కాలికం. ఆ రోజుల్లో మా వైపు చాలా సంగతులు తాత్కాలికంగానే ఉండేవి, మనుషులతో సహా.

నాకు అప్పగించిన ఊరు జమ్మలమడుగుకు ఇవతల, ఎర్రగుంట్లకు పోయే సిమెంటు లారీల దుమ్ము అందేంత దూరంలో ఉండేది. ప్రొద్దుటూరులో గది తీసుకుని పొద్దున బస్సుకు పోయేవాణ్ణి. ఊళ్ళో అన్నీ రెండు. రెండు పార్టీలు, రెండు టీ అంగళ్ళు, రెండు బస్సు వేళలు. తూర్పు వీధి వాళ్ళు పొద్దున బస్సెక్కితే పడమటి వీధి వాళ్ళు మధ్యాహ్నం బస్సెక్కుతారు. చెరువు మాత్రం ఒకటే. అందులో ఊరివాళ్ళ తప్పేమీ లేదు, తవ్వించినవాళ్ళకు ముందుచూపు లేదు.

నేను ఏ పార్టీ వాణ్ణీ కానని చూపడానికి పోయిన ప్రతిసారీ రెండు అంగళ్ళలోనూ టీ తాగేవాణ్ణి. ఒకచోట సగం వదిలితే ఇంకోచోటా సగం వదలాలి. ఒకరోజు కడుపు బాగాలేక తూర్పు అంగట్లో టీ వద్దన్నాను. ఆ కబురు నాకంటే ముందే పడమటి అంగడికి చేరింది. అక్కడ నాకు టీతోపాటు బన్ను కూడా ఇచ్చారు.

మా ప్రొఫెసరు కోస్తా మనిషి. నీళ్ళు కనిపిస్తే ఆయనకు పడవ గుర్తొస్తుంది. ఊళ్ళో ఆయన అవగాహన సభ రెండుసార్లు జరిగింది, ఏ వీధి వాళ్ళకు ఆ వీధిలో. రెండు సభల్లోనూ చేపల పెంపకం అయ్యాక పర్యాటకం ఎత్తుకున్నారు.

"చెరువు కట్ట మీద నాలుగు బెంచీలు వేసి, ఓ పడవ తిప్పితే చాలండీ. బయటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు."

తూర్పు వీధి సభలో ఆ వీధి పెద్దాయన తెల్ల బట్టల్లో, వెనక ఇద్దరు మనుషులను నిలబెట్టుకుని కూర్చున్నాడు. "బయటోళ్ళు వస్తే మేము ఊరికే ఉండము సార్," అన్నాడు. "ఎవురు పంపిచ్చినారు, యాడ దిగినారు, అన్నీ ఇచారిస్తాము."

ప్రొఫెసరు దాన్ని అతిథి మర్యాద కింద జమకట్టారు.

అసలు చిక్కు చేపపిల్లలను వదిలే దగ్గర వచ్చింది. "మేము ఇడిసిన చేపలు ఆ పక్కకు పోతే ఎట్లప్పా?" అని నన్ను అడిగాడు తూర్పు పెద్దాయన.

"పోతాయి పెద్దాయనా. చేపలు గదా."

"పోతే మావని గుర్తేంది?"

ఆలోచించి, తూర్పు వీధి చేత బొచ్చె పిల్లలను, పడమటి వీధి చేత శీలావతి పిల్లలను వదిలించాను. బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది, శీలావతి నడిమి నీళ్ళలో. రెండూ ఒకే చెరువులో ఉన్నా ఒకదాని మేతకు ఒకటి పోదని చెబితే పడమటి వీధి పెద్దాయన నమ్మలేదు. "ఎన్నాళ్ళులే," అన్నాడు.

ఈ చేపలను పట్టాల్సిన మనిషి వేరే ఉన్నాడు. ఊళ్ళో బెస్త ఇల్లు ఒకటే. ఆ ఇంటాయనను నేను మామా అని పిలిచేవాణ్ణి. ఏటా మైలవరం డ్యాముకు పోయి పరాయి పడవల్లో వల లాగి వచ్చేవాడు. ఇంటి ముందర చెరువు పెట్టుకుని ఎక్కడికో ఎందుకు పోతావని నేనే ఆపాను. పట్టిన చేపల్లో మూడో వంతు ఆయనది, మిగతాది రెండు వీధులది అని ఇద్దరు పెద్దల దగ్గరా ఒప్పించాను. ఆయన ఆ ఏడు డ్యాముకు పోలేదు. ఇంట్లో ఐదుగురి తిండి ఆ చెరువు మీద పడింది. ఎండాకాలం ముదిరేలోగా వల పడకపోతే చెరువు ఎండిపోతుంది, చేపలు చస్తాయి, ఆ ఇల్లు ఆ ఏడంతా కూలికి తిరగాలి.

ఇంతలో ఎన్నికలొచ్చాయి, పోలీసులు ఇల్లిల్లూ సోదా చేసి పోయారు. రెండు వీధుల్లోనూ కూరగాయలు తరిగే కత్తిపీటలు తప్ప ఏమీ దొరకలేదట. ఊరు ఇంత మారిందా అని నేను సంతోషించాను.

ఎన్నికలయ్యాక, ఇక వల వేద్దామని తూర్పు వీధికి పోయాను.

"వల వద్దులేప్పా," అన్నాడు పెద్దాయన. "వాటికీ ప్రాణం ఉంటాది. బతకనీ."

మనుషుల విషయంలో ఆయన ఇంత మెత్తగా మాట్లాడగా నేను వినలేదు. పడమటి వీధికి పోతే ఆ పెద్దాయన నా చేతిలో తన తోటలో కాసిన రెండు చీనీకాయలు పెట్టి, "మీ సార్ చెప్పిందే నిజమప్పా," అన్నాడు. "చేపలు ఉంటేనే సూసే దానికి బయటోళ్ళు వస్తారు. పట్టుకోని తింటే ఇంగ ఏం సూస్తారు?"

ఈ సంగతి చెబితే ప్రొఫెసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వనరులను కాపాడుకోవాలన్న స్పృహ ఇంత తొందరగా ఏ ఊళ్ళోనూ రాలేదన్నారు. స్వయంగా వచ్చి చూస్తానన్నారు.

నేను మామ దగ్గరకు పోయాను. ఆయన వల ముందేసుకుని కూర్చున్నాడు.

"సదువుకున్నోళ్ళు మీరు, నమ్మితిని," అన్నాడు. "మొన్న ఒగసారి విసురు వల ఏసి సూసినా సార్."

"చేప పడిందా?"

"యాట కొడవలి పడింది."

"ఏం చేసినావు?"

"ఎవురి వస్తువో మనకెందుకని మళ్ళా ఆడనే ఇడిసినా."

అప్పుడు నాకు సోదా గుర్తొచ్చింది. పోలీసులు రాకముందు ఎవరి ఒడ్డున వాళ్ళు తమ సామానంతా గోనెసంచుల్లో కట్టి చెరువులో వేశారు. నాటుబాంబుల్లాంటి, నీళ్ళు పడని సామాను ఎక్కడ పెట్టారో నేను అడగలేదు. లాగుడు వల వేస్తే ముందు పైకొచ్చేది చేపలు కాదు. ఎవరి సంచి ఎవరి కళ్ళబడుతుందోనన్నదే వాళ్ళ జీవకారుణ్యం.

"చెప్పి ఒప్పిద్దాం మామా," అన్నాను.

"ఏమని చెప్తారు? మీ కొడవళ్ళు తీసుకోండి, మా చేపలు మాకీండి అనా?"

అది నా పాఠాల్లో లేదు. ఎండలు ఆ పని చేశాయి. రోజురోజుకూ నీళ్ళు ఒడ్డు వదిలి లోపలికి పోతున్నాయి. ఒక పొద్దున పడమటి ఒడ్డు బురదలో గోనెసంచి మూతి ఒకటి బయటపడింది. ఆ మధ్యాహ్నమే ఇద్దరు పెద్దాయనలూ విడివిడిగా నాకు కబురు చేశారు. మాటల్లో కూడా తేడా లేదు. వల వేయండి, కానీ మా ఒడ్డున మా మనుషులే దిగుతారు.

మామ ఇంట్లో ఒకటే పెద్ద వల. దాన్ని చెరువు నడుమ అడ్డంగా కట్టి, రెండు పక్కలా ఒకేసారి మనుషులు దిగారు. తెల్ల పంచెలు ఎగగట్టి మోకాటి లోతు బురదలో తూర్పు వాళ్ళు తూర్పుకు మొహం పెట్టి, పడమటి వాళ్ళు పడమటికి మొహం పెట్టి వెతకసాగారు. అటు పక్కన ఏం తీస్తున్నారో ఇటు పక్కన ఎవరూ తలతిప్పి చూడలేదు. అంత మర్యాద నేను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు. సంచులు చాలావరకు కట్ట దాటాక చేపలు పట్టుకోమని మామకు సైగ చేశారు.

మామ రెండు పక్కలా విసురు వల వేశాడు. చేపలు సరిహద్దు పాటించలేదు. తూర్పు పక్క శీలావతులు పడ్డాయి, పడమటి పక్క బొచ్చెలు. ఇరువైపులా ఒకటి కూడా ఉంచుకోకుండా మామ చేత గంపల్లో తిప్పి పంపారు. పరాయి సొమ్ము తినే రకం కాదు ఎవరూ.

సరిగ్గా అప్పుడే ప్రొఫెసరు కారు దిగారు. రెండు పార్టీల వాళ్ళు ఒకే చెరువులో. "ప్రజల భాగస్వామ్యం అంటే ఇదేనండీ," అని ఫోటో తీయించారు. చాన్నాళ్ళు అది మా విభాగం వరండాలో ఉండేది. అందరూ ఒకరికొకరు వీపులు చూపిస్తుంటారు. ఒక మూల ఒకాయన భుజం మీద గోనెసంచి. కింద 'చేపల దిగుబడి' అని రాసి ఉంటుంది.

మామ తన వంతు చేపలను తడి గోనెపట్టల్లో చుట్టి, ప్రొద్దుటూరు సంతకు పోయే లారీ కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. ఆ ఏడు ఇంట్లో ఎవరూ కూలికి పోనక్కర్లేదని ఆయన మొహంలో తెలుస్తోంది. నేను పక్కన నిలబడ్డాను.

"మళ్ళేడు గూడా పిల్లల్ని ఇడుద్దామా సార్?"

"నీళ్ళొస్తే ఇడుద్దాం మామా."

"నీళ్ళు వస్తాయిలే. పోలీసోళ్ళు ఎప్పుడొస్తారో కనుక్కోండి," అన్నాడు. "అంతకు ముందే పట్టేద్దాము."